మెదడుకు మేలు చేసే వగరు

నేరేడు పండు తిన్న తరువాత నాలుకపై మిగిలే వగరు, దానిమ్మ పొరల్లోని చేదు, పచ్చి ఉసిరికాయ కొరికినప్పుడు నోరు ముడుచుకుపోయే అనుభూతి మనకందరికీ తెలిసినవే. ఈ రుచుల వెనుక ఉన్న పదార్థాలలో ఎక్కువ భాగాన్ని శాస్త్రజ్ఞులు పాలిఫినాల్స్ అని పిలుస్తారు. ఎండ తీవ్రత నుండి, పురుగుల నుండి, తెగుళ్ల నుండి రక్షణ కోసం మొక్కలు తమలో తామే సిద్ధం చేసుకునే రసాయనాలివి. ఇప్పటివరకు 8,000కు పైగా రకాలను గుర్తించారు. ఎర్ర ఉల్లిపాయలోనూ, వంకాయ తొక్క ఊదా రంగులోనూ, టీ ఆకులోనూ, పసుపులోనూ ఉన్నవి ఈ కుటుంబానికి చెందినవే.

ఇటీవల ఈ పేరు ప్రకటనల్లో కూడా ఎక్కువగా వినిపిస్తోంది. జ్ఞాపకశక్తిని రెట్టింపు చేస్తాయంటూ గుళికలు, పొడులు అమ్ముతున్నారు. మదరసాలో బోధించే మాలాంటివారిని తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు: "మౌలానా సాబ్, హిఫ్జ్ చేస్తున్న మా అబ్బాయికి జ్ఞాపకశక్తి కోసం ఏ పొడి ఇవ్వమంటారు?" ఇంట్లో పెద్దవాళ్లున్నవారు ఇంకొక మాట కూడా అడుగుతారు: "అమ్మీ భోజనం చేసిన సంగతే మరచిపోతోంది. ఏదైనా మంచి మాత్ర ఉందా?" ఈ ప్రశ్నల వెనుక ప్రేమ ఉంది, భయమూ ఉంది. భయపడినవారికి ఏదైనా అమ్మడం సులభం. కాబట్టి పరిశోధనలు నిజంగా ఏమి చెప్పాయో మనం తెలుసుకోవడం అవసరం.

మెదడుకు చేరే దారి

మన శరీర బరువులో మెదడు బరువు దాదాపు 2 శాతమే. అయితే విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో సుమారు 20 శాతాన్ని అదే వాడుకుంటుంది. ఆ శక్తి రక్తం ద్వారానే అందాలి. కనుక రక్తనాళాలు చెడితే మెదడు కూడా చెడుతుంది.

పాలిఫినాల్స్ నేరుగా మెదడులోకి వెళ్లి హానికర పదార్థాలను తుడిచిపెడతాయని ఒకప్పుడు భావించేవారు. ఆ లెక్కన ఏ ఆహారానికి ఎంత శక్తి ఉందో పట్టికలు కూడా తయారుచేశారు. వాటిని వ్యాపారులు దుర్వినియోగం చేస్తున్నారని, పరీక్షనాళికలోని ఫలితం శరీరంలోని ఫలితం కాదని చెబుతూ అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన పట్టికను ఉపసంహరించుకుంది. నిజానికి మనం తిన్న పాలిఫినాల్స్‌లో కొద్ది భాగమే రక్తంలో కలుస్తుంది. మిగిలినది పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో చిన్న పదార్థాలుగా మారుతుంది. వీటిలో కొన్ని రక్తనాళాలు సడలేందుకు, రక్తప్రవాహం మెరుగుపడేందుకు తోడ్పడతాయి. మెదడుకు కలిగే మేలు ప్రధానంగా ఈ దారిలోనే వస్తుందని నేటి అవగాహన.

పరిశోధనలు ఏమి తేల్చాయి?

స్పెయిన్ దేశంలో సగటున 67 ఏళ్ల వయసున్న 447 మందిని సుమారు నాలుగేళ్లు పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలతో కూడిన భోజనంతోపాటు ఒక వర్గానికి శుద్ధిచేయని మేలురకం జైతూన్ నూనెను, మరొక వర్గానికి రోజుకు 30 గ్రాముల బాదం, అక్రోటు వంటి గింజలను ఇచ్చారు. మూడవ వర్గానికి కొవ్వు తగ్గించి తినమని సలహా ఇచ్చారు. ఈ మూడవ వర్గంవారి ఆలోచనాశక్తి కొంత క్షీణించగా, మొదటి రెండు వర్గాలవారు మెరుగ్గా నిలిచారు. అయితే ఆ నూనెలో, ఆ గింజలలో పాలిఫినాల్స్‌తోపాటు మంచి కొవ్వులు కూడా ఉన్నాయని మరువకూడదు.

అమెరికాలో 60 ఏళ్లు దాటిన 3,562 మందిపై కోకో గింజల సారంతో జరిగిన పరీక్ష 2023లో ప్రచురితమైంది. సగం మందికి రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ అనే పాలిఫినాల్స్‌ను, మిగతావారికి ఏ మందూ లేని ఉత్తుత్తి గుళికలను ఇచ్చారు. అందరినీ కలిపి చూస్తే చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కానీ అంతకుముందు సరైన ఆహారం తినక, ఈ పదార్థాలు తక్కువగా అందుతున్నవారిలో మాత్రం జ్ఞాపకశక్తి మెరుగుపడింది. ఇదే సారంతో 65 ఏళ్లు దాటిన 2,262 మందిపై జరిగి, 2022లో వెలువడిన మరొక పరీక్షలో ప్రయోజనమేమీ కనిపించలేదు.

ఈ ఫలితాలను కలిపి చదివితే మనకొక పాఠం దొరుకుతుంది. ఈ పదార్థాలు లోటు ఉన్నచోట దాన్ని భర్తీచేయవచ్చు. లోటు లేనివారికి అదనపు తెలివిని పోయవు. కాబట్టి "ఏ మాత్ర వేయాలి?" అని అడగడానికి ముందు "మా ఇంట్లో ఎవరి పళ్లెంలో ఏమి లోపించింది?" అని అడగాలి.

ఎవరి పళ్లెంలో లోటు?

ఇంట్లో ఆకుకూర, పండు అందరికీ సమానంగా అందవు. పళ్లూడిన నానీమాకు మెత్తని అన్నం, టీలో ముంచిన రస్కు ఇస్తే సరిపోతుందని అనుకుంటాం. దావత్‌లో మాంసం, బిర్యానీ పళ్లేలు నిండుతాయి, కూరగాయ ఒక మూలన ఉండిపోతుంది. అందరికీ వడ్డించి చివరగా తినే గృహిణికి గిన్నెలో అడుగున మిగిలిందే దక్కుతుంది. ఎవరికి లోటు ఉందో వారికే మేలు జరుగుతుందని పరిశోధన చెబుతున్నప్పుడు, మన దృష్టి ముందుగా వీరిపై పడాలి.

ఇందుకు ఖరీదైన విదేశీ పండ్లు అవసరం లేదు. నేరేడు, జామ, ఉసిరి, దానిమ్మ, నల్లద్రాక్ష మన బజారులోనే దొరుకుతాయి. ఉల్లిపాయ పైనున్న ఎండు పొట్టును మాత్రమే తీయాలి. దాని కిందనున్న రెండు మూడు పొరలను కూడా పారేస్తే, ఎక్కువ మేలున్న భాగాన్నే పారేసినట్టు. వేరుశనగ గింజల ఎర్రపొట్టుతోనే పచ్చడి నూరవచ్చు. ఆకుకూరలు ఉడికించిన నీళ్లలోకి ఈ పదార్థాలు కొంత దిగిపోతాయి కనుక, ఆ నీళ్లను ఖట్టీ దాల్‌లో కలపాలి. నమలలేని వృద్ధులకు గోంగూర, మునగాకు పప్పులో మెత్తగా ఉడికించి, నేరేడు గుజ్జు తీసి ఇవ్వవచ్చు. మధుమేహం ఉన్నవారు ఖర్జూరాలలోనూ, పండ్ల రసాలలోనూ చక్కెర ఎక్కువని గుర్తుంచుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు ఆకుకూరల పరిమాణం గురించి వైద్యుని అడగాలి.

రెండు హెచ్చరికలు

మొదటిది టీ గురించి. టీలోని పాలిఫినాల్స్ ఆకుకూరలు, పప్పులు, ధాన్యాలలోని ఇనుమును పట్టుకుని, శరీరం గ్రహించకుండా అడ్డుపడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పిల్లల్లో ఇనుము లోపిస్తే చదువుపై ధ్యాస కూడా తగ్గుతుంది. కనుక సహరీలోనైనా, ఇఫ్తార్‌లోనైనా, మామూలు రోజుల్లోనైనా భోజనానికీ టీకీ మధ్య కనీసం ఒక గంట ఎడం ఉంచాలి. భోజనంలో నిమ్మరసమో ఉసిరి పచ్చడో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. హిఫ్జ్ చేసే పిల్లవాడికి పొడి కన్నా వేళకు నిద్ర, ఉదయం కడుపునిండా ఆహారం, అవసరమైతే రక్తపరీక్ష ముఖ్యం.

రెండవది గుళికల గురించి. వంటలో చిటికెడు పసుపు వేయడం వేరు, పసుపు సారాన్ని దట్టించిన మాత్రలు వేసుకోవడం వేరు. బెంగళూరు పరిశోధకులు మిరియాలలోని పైపరిన్ అనే పదార్థం కలిపితే పసుపులోని కుర్కుమిన్ రక్తంలోకి 20 రెట్లు ఎక్కువగా చేరుతుందని 1998లో చూపారు. అందుకే చాలా గుళికల్లో ఈ రెండూ కలుపుతారు. కానీ పైపరిన్ మనం వాడే కొన్ని ఇతర మందుల మోతాదును కూడా రక్తంలో పెంచగలదు. పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు ఇటలీలోనూ, అమెరికాలోనూ నమోదయ్యాయి. గ్రీన్ టీ సారం ఎక్కువ మోతాదులో తీసుకున్నా కాలేయానికి ముప్పే.

తిండి ఒక్కటే చాలదు

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో, అంటే తీవ్రమైన మతిమరుపు వ్యాధితో బాధపడుతున్నారని 2023లో వెలువడిన ఒక అంచనా. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఈ వ్యాధికి సంబంధించి 14 కారణాలను పేర్కొంది. వాటన్నిటినీ అరికట్టగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు, లేదా ఆలస్యం చేయవచ్చునని తెలిపింది. రక్తపోటు, మధుమేహం, పొగాకు, వినికిడి లోపం, చూపు మందగించడం, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి. రక్తపోటు మాత్ర మానేసి దానిమ్మ రసం తాగడం వైద్యం కాదు.

మరొక మాట. వృద్ధులు మరచిపోవడం ప్రారంభిస్తే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకూడదు. థైరాయిడ్ లోపం వల్లా, బి12 విటమిన్ తగ్గడం వల్లా, కొన్ని మందుల వల్లా కూడా మతిమరుపు రావచ్చు. వీటికి చికిత్స ఉంది. ముందుగా వైద్యునికి చూపించాలి. అడిగిందే అడిగినప్పుడు విసుక్కోకుండా జవాబివ్వడం ఇంటివారి బాధ్యత.

ఈ పూట దస్తర్‌ఖాన్ పరచినప్పుడు ఇంట్లోని పెద్దల పళ్లెం వైపు ఒకసారి చూద్దాం. అందులో ఒక ఆకుకూర, ఒక పండు ఉన్నాయా? వారు నమలగలిగేలా వండామా? వారి పక్కన కూర్చుని తినడానికి మనలో ఎవరైనా ఉన్నారా? మాత్రల కోసం పరుగెత్తే ముందు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలు ఇవే.