ఒకే ఇంటిపేరు, భిన్న గ్రంథకర్తలు: ‘శ్రీపాద’ వారి రచనలు – కర్తృత్వ నిర్దేశం

వ్యాససంగ్రహం: తెలుగు సాహిత్య విమర్శలో రచయితను ఇంటిపేరుతో మాత్రమే పేర్కొనే అలవాటు బలంగా ఉంది. ఒకే ఇంటిపేరుతో పలువురు గ్రంథకర్తలు ఉన్నప్పుడు ఈ అలవాటు కర్తృత్వ నిర్ణయంలో చిక్కులు తెస్తుంది. ‘శ్రీపాద’ ఇంటిపేరు గల రచయితల గ్రంథాలను ఉదాహరణగా తీసుకొని ఆ చిక్కుల స్వరూపాన్ని వివరించడం, పరిశోధకులు పాటించదగిన నిర్దేశ పద్ధతిని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇంటిపేరు, కర్తృత్వం, శ్రీపాద, గ్రంథసూచి, ఉటంకింపు, రాజమహేంద్రవరం.

1. ఉపోద్ఘాతం

‘శ్రీపాద కథలు’ అన్న శీర్షిక చూసిన తెలుగు పాఠకునికి సందేహం కలగదు. ‘శ్రీపాద నాటకాలు’ అన్నప్పుడు మాత్రం ఏ శ్రీపాద అని అడగవలసి వస్తుంది. ‘శ్రీపాద రామాయణం’ అంటే ఆ ప్రశ్నకు జవాబు దొరికేవరకు చర్చ ముందుకు సాగదు. మూడు శీర్షికల్లోనూ ఉన్న ఇంటిపేరు ఒక్కటే. మొదటి దానిలో అది వ్యక్తిని పట్టి ఇస్తుంది, తక్కిన రెంటిలో ఇవ్వదు. ఇంటిపేరు ఎప్పుడు గుర్తుగా పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు అన్నది పైకి చిన్న విషయంగానే కనిపిస్తుంది. కాని ఒకరి గ్రంథం మరొకరి ఖాతాలో చేరితే దానిపై నిర్మించిన శైలీ విశ్లేషణ, భాషాదృక్పథ చర్చ, వికాసక్రమ నిర్ణయం అన్నీ కూలిపోతాయి. కనుక దీనిని పరిశోధన పద్ధతికి సంబంధించిన ప్రశ్నగానే చూడాలి.

2. ఇంటిపేరు చెప్పేదేమిటి?

తెలుగువారి ఇంటిపేరు వ్యక్తినామానికి ముందు వస్తుంది. ఊరి పేరు, వృత్తి, పదవి, వస్తువు, పూర్వికుని పేరు మొదలైన వాటి నుండి ఇంటిపేర్లు ఏర్పడ్డాయి. ఒక ఊరి నుండి వలస వెళ్ళిన వేర్వేరు కుటుంబాలకు ఆ ఊరి పేరే ఇంటిపేరు కావచ్చు. ఒకే ఇంటిపేరు భిన్న కులాల్లో, భిన్న గోత్రాల్లో కనిపించడానికి ఇదొక కారణం. కాబట్టి ఇంటిపేరు కలిసినంత మాత్రాన బంధుత్వం రుజువు కాదు. బంధుత్వం ఉన్నచోట కూడా సాహిత్య వారసత్వం రుజువు కాదు.

దాశరథి సోదరులు దీనికి తగిన ఉదాహరణ. దాశరథి కృష్ణమాచార్య (1925–1987) ‘అగ్నిధార’, ‘రుద్రవీణ’ రాసిన కవి. ఆయన తమ్ముడు దాశరథి రంగాచార్య (1928–2015) ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’ రాసిన నవలాకారుడు, వేదాలను తెలుగులోకి తెచ్చిన అనువాదకుడు. తోబుట్టువులైనా వారి ప్రధాన ప్రక్రియలు వేరు.

కాలాంతరం ఎక్కువగా ఉన్నచోట చిక్కు లేదు. 16వ శతాబ్దపు ‘కళాపూర్ణోదయము’ కర్త పింగళి సూరననూ, 20వ శతాబ్దపు విమర్శకుడు పింగళి లక్ష్మీకాంతాన్నీ ఎవరూ కలగలపరు. కాలం, ప్రాంతం, పేరు చివరి మాట, ప్రక్రియ ఈ నాలుగూ కలిసినప్పుడే ఇబ్బంది వస్తుంది. శ్రీపాద వారి విషయంలో జరిగింది అదే.

3. రాజమహేంద్రవరపు ఇద్దరు శ్రీపాదలు

శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి 1866లోనూ, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1891లోనూ జన్మించారు. ఇద్దరి మధ్య ఒక తరం అంతరం ఉన్నా, మరణాలు 1960, 1961 సంవత్సరాల్లో వెంటవెంటనే సంభవించాయి. అంటే 20వ శతాబ్దం ప్రథమార్ధంలో అధికభాగం ఇద్దరూ సమకాలికులుగా రచన సాగించారు. ఇద్దరి సాహిత్య జీవితానికీ రాజమహేంద్రవరమే కేంద్రం. ఇద్దరూ పత్రికలు నడిపారు, ఇద్దరూ నాటకాలు రాశారు. ఇద్దరి పేర్లకూ మొదట ‘శ్రీపాద’, చివర ‘శాస్త్రి’ ఉన్నాయి. తేడా చెప్పేది నడిమి పేరొక్కటే.

గ్రంథాల్లోకి వెళితే దారులు పూర్తిగా వేరు. కృష్ణమూర్తిశాస్త్రి మహాభారత, రామాయణ, భాగవతాలు మూడింటినీ తానొక్కరే పద్యకావ్యాలుగా తెలిగించిన కవి. ‘శ్రీకృష్ణభారతము’ వంటి గ్రంథనామంలో కర్త పేరులోని మాట నిలిచింది. ఈ సంగతి గమనించని పాఠకుడు దానిని శ్రీకృష్ణకథగా భ్రమపడే అవకాశం ఉంది. ఆయన రచన గ్రాంథిక సంప్రదాయంలో సాగింది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తరువాత ఆస్థానకవి పదవి ఆయనకు లభించింది.

సుబ్రహ్మణ్యశాస్త్రి కథకుడు. ‘వడ్లగింజలు’, ‘గులాబీ అత్తరు’, ‘మార్గదర్శి’, ‘అరికాళ్లకింద మంటలు’ వంటి కథల్లో గోదావరి సీమ ఇళ్ళలోని మాట తీరు, ముఖ్యంగా స్త్రీల సంభాషణ, కథనానికి ప్రాణం. తొలిదశలో గ్రాంథికంలో రాసినా తరువాత వ్యావహారికం వైపు నిలిచారు. ‘ప్రబుద్ధాంధ్ర’ పత్రికను నడిపారు. 1933లో గిడుగు రామమూర్తి సప్తతి మహోత్సవం రాజమహేంద్రవరంలో జరగడంలో ప్రధాన పాత్ర వహించారు. ఆత్మకథకు పెట్టుకొన్న ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ అన్న పేరులోనే వాడుక భాష పలుకుబడి వినిపిస్తుంది. సంస్కృత విద్యకే విలువ ఇచ్చిన ఇంట తెలుగు రచన వైపు మళ్లడం ఎంత కష్టమైందో ఆ గ్రంథం విపులంగా చెబుతుంది. ఇంటిపేరు ఆధారంగా సాహిత్య వారసత్వాన్ని ఊహించేవారికి ఈ ఆత్మకథే సమాధానం.

ఒకే నగరంలో, ఒకే కాలంలో, ఒకే ఇంటిపేరుతో ఉన్న ఇద్దరిలో ఒకరు పద్యానికీ గ్రాంథికానికీ, మరొకరు వచనానికీ వాడుక భాషకూ ప్రతినిధులయ్యారు. ‘శ్రీపాదవారి భాష’ అని గుండుగుత్తగా రాసిన వాక్యం ఎంత అస్పష్టమో దీనిని బట్టి తెలుస్తుంది.

4. రెండు రామాయణాలు, రెండు బొబ్బిలియుద్ధాలు

భాష, ప్రక్రియ వేరైనప్పుడు పుస్తకం తెరవగానే కర్త తెలియదా అని ప్రశ్నించవచ్చు. పుస్తకం చేతిలో ఉంటే తెలుస్తుంది. పరిశోధకునికి మొదట ఎదురయ్యేది మాత్రం పుస్తకం కాదు. పట్టికలోని ఒక పంక్తి, మరొక వ్యాసంలోని ఉటంకింపు, గ్రంథసూచిలోని ఒక చీటీ ముందుగా కనబడతాయి. అక్కడ శైలి కనిపించదు, పేరు మాత్రమే కనిపిస్తుంది.

ఇద్దరు శ్రీపాదలూ రామాయణాన్ని తెలుగులోకి తెచ్చారు. కృష్ణమూర్తిశాస్త్రిది పద్యానువాదం, సుబ్రహ్మణ్యశాస్త్రిది వాల్మీకి రామాయణానికి వచనానువాదం. కనుక ‘శ్రీపాద, రామాయణం’ అన్న ఉటంకింపు రెండు గ్రంథాలకూ సరిపోతుంది. ‘శ్రీపాద శాస్త్రి, రామాయణం’ అని పెంచి రాసినా ప్రయోజనం లేదు. పద్యమో వచనమో చెప్పి, నడిమి పేరు చేర్చినప్పుడే నిర్దేశం పూర్తవుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. కృష్ణమూర్తిశాస్త్రి బొబ్బిలి యుద్ధం ఇతివృత్తంగా నాటకం రాశారు. వేదం వేంకటరాయశాస్త్రి రాసిన ‘బొబ్బిలియుద్ధ నాటకము’ కూడా ప్రసిద్ధమే. ఇక్కడ ఇంటిపేర్లు వేరు కాబట్టి ‘శ్రీపాద’, ‘వేదం’ అన్న మాటలు చాలు, చిక్కు తీరుతుంది. కాని పాశ్చాత్య పద్ధతిని అనుసరించి పేరులోని చివరి మాటను ముందుకు తెచ్చి ‘శాస్త్రి, బొబ్బిలియుద్ధం’ అని రాస్తే రెండు నాటకాలూ ఒక్కటైపోతాయి. ‘శాస్త్రి’ ఇంటిపేరు కాదు, విద్యను సూచించే మాట వ్యక్తినామంలో భాగమైంది. దానిని వర్ణక్రమానికి మొదటి పదంగా తీసుకొంటే శ్రీపాద, వేదం, వేటూరి, మల్లాది ఇళ్ళవారందరూ ఒకే గుంపులో చేరతారు. రామాయణం విషయంలో ఇంటిపేరు చాలలేదు. బొబ్బిలియుద్ధం విషయంలో ఇంటిపేరే ఆధారమైంది. కనుక ఇంటిపేరును వదలడం పరిష్కారం కాదు, దానినొక్కదానినే నమ్మడమూ పరిష్కారం కాదు.

పొడి అక్షరాలతో వచ్చే ఇబ్బంది మరొకటి. తెలుగువారి పేరులో మొదటి పొడి అక్షరం సాధారణంగా ఇంటిపేరును సూచిస్తుంది. తమిళుల పేర్లలో అది ఎక్కువగా తండ్రి పేరును సూచిస్తుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిని ‘ఎస్. సుబ్రహ్మణ్యశాస్త్రి’ అని కుదిస్తే, అడయారు గ్రంథాలయం ప్రచురించిన శార్ఙ్గదేవుని ‘సంగీతరత్నాకరం’ పరిష్కర్త పండిత ఎస్. సుబ్రహ్మణ్యశాస్త్రితో కలిసిపోతారు. ఒకరు తెలుగు కథకులు, మరొకరు సంస్కృత సంగీతశాస్త్ర గ్రంథ పరిష్కర్త. కుదింపు వారి మధ్య ఉన్న అంతరాన్ని చెరిపివేస్తుంది.

5. ఇతర శ్రీపాదలు

ఈ ఇంటిపేరు ఇద్దరితో ఆగలేదు. ద్విజేంద్రలాల్ రాయ్ బెంగాలీ నాటకాలను తెలుగులోకి తెచ్చిన శ్రీపాద కామేశ్వరరావు రంగస్థల చరిత్రలో ముఖ్యులు. వృత్తిచేత వైద్యులు, ప్రవృత్తిచేత సంగీత విద్వాంసులు అయిన శ్రీపాద పినాకపాణి (1913–2013) కీర్తనలను స్వరసహితంగా గ్రంథస్థం చేశారు. ‘సంగీత సౌరభం’ సంపుటాలు ఆ కృషి ఫలితం. పద్యకావ్యం, కథ, నాటకానువాదం, సంగీత స్వరలిపి అనే నాలుగు భిన్న రంగాల పుస్తకాలు ఒకే ఇంటిపేరు కింద గ్రంథాలయ పట్టికలో వరుసగా నిలుస్తాయి. వరుసను చూసి సంబంధాన్ని ఊహించరాదు. అది వర్ణక్రమం కల్పించిన పొరుగు మాత్రమే.

అంతర్జాల గ్రంథాలయాల్లో వెదికేవారికి ఇంకొక అడ్డంకి ఉంది. ‘శ్రీపాద’ అన్న మాట అందరికీ ఇంటిపేరు కాదు. పిఠాపురంతో ముడిపడిన శ్రీపాద శ్రీవల్లభుల విషయంలోనూ, శ్రీపాద అమృత డాంగే, శ్రీపాద దామోదర సాత్వలేకర్ వంటి మరాఠీవారి విషయంలోనూ అది వ్యక్తినామం. దత్తాత్రేయ భక్తి గ్రంథాలు, కార్మికోద్యమ రచనలు, వేదభాష్యాలు కూడా ఒకే వెదుకులాటలో బయటపడతాయి. వెదికే యంత్రం అక్షరాలను పోలుస్తుందే కాని, ఏది ఇంటిపేరో ఏది పిలుపుపేరో వివరించదు. ఆ వివేచన పరిశోధకునిదే.

6. ఒకరి సొత్తయిన ఇంటిపేరు

ఇంటిపేరు అస్పష్టం కావడం ఒక సమస్య. ఒకరికే స్థిరపడిపోవడం దానికంటే సూక్ష్మమైన సమస్య. నేడు ‘శ్రీపాద’ అనగానే సుబ్రహ్మణ్యశాస్త్రి స్ఫురిస్తారు. ‘దాశరథి’ అనగానే కృష్ణమాచార్య స్ఫురిస్తారు, రంగాచార్యను పూర్తిపేరుతో చెప్పవలసి వస్తుంది. ఇది పాఠకాదరణ ఇచ్చిన స్థానం. కథాసాహిత్యానికి పాఠ్యాంశాల్లో, సంకలనాల్లో లభించిన ప్రాధాన్యం సుబ్రహ్మణ్యశాస్త్రి పేరును నిలబెట్టింది. పద్యానువాదాల పట్ల ఆసక్తి తగ్గడంతో కృష్ణమూర్తిశాస్త్రి పేరు వెనుకబడింది.

అయితే ఈ స్ఫురణ కాలాన్ని బట్టి మారుతుంది. ఇద్దరూ జీవించి ఉన్న కాలపు పత్రికల్లో ‘శ్రీపాదవారు’ అన్న మాట కనిపిస్తే, దానికి నేటి అర్థాన్ని అంటగట్టరాదు. ఆస్థానకవిని ఉద్దేశించిన ప్రశంసను కథకునికీ, కథకునిపై వచ్చిన విమర్శను కవికీ ఆపాదించే ప్రమాదం ఉంది. సందర్భం, ప్రస్తావితమైన గ్రంథం, పత్రిక భాషాదృక్పథం పరిశీలించిన తరువాతే నిర్ణయించాలి. ఇంటిపేరు ఒకరి సొత్తయినప్పుడు మరొకరు పొందేది అపకీర్తి కాదు, అదృశ్యత. విమర్శలో అదృశ్యతను సరిదిద్దడం కష్టతరం.

7. పాటించదగిన పద్ధతి

పై పరిశీలన ఆధారంగా కొన్ని నియమాలు సూచించవచ్చు.

1. మొదటి ప్రస్తావనలో ఇంటిపేరు, వ్యక్తినామం రెండూ పూర్తిగా రాయాలి, వీలైతే జీవితకాలం ఇవ్వాలి. పొడి అక్షరాలు వాడరాదు.

2. ఒకే ఇంటిపేరు గల ఇద్దరు రచయితలు వ్యాసంలో ఉన్నప్పుడు, తదుపరి ప్రస్తావనల్లో ‘కృష్ణమూర్తిశాస్త్రి’, ‘సుబ్రహ్మణ్యశాస్త్రి’ అని వ్యక్తినామంతో పేర్కొనాలి.

3. ఉపయుక్త గ్రంథసూచిలో ఇంటిపేరును వర్ణక్రమానికి ఆధారంగా తీసుకోవాలి. శాస్త్రి, రావు, శర్మ వంటి చివరి మాటలను మొదటికి తేరాదు.

4. ఒకే ఇతివృత్తంపై పలు గ్రంథాలు ఉన్నప్పుడు పద్యం, వచనం, నాటకం అన్న ప్రక్రియా నిర్దేశం తప్పక చేర్చాలి.

5. అంతర్జాల ప్రతి వివరాలను ముఖపత్రంతో పోల్చి చూసిన తరువాతే స్వీకరించాలి. పునర్ముద్రణ సంవత్సరాన్ని రచనాకాలంగా భావించరాదు.

6. ప్రత్యేక ఆధారం లేకుండా ఇంటిపేరును బట్టి బంధుత్వాన్ని గాని, సాహిత్య పరంపరను గాని ప్రతిపాదించరాదు.

8. ముగింపు

ఇంటిపేరు రచయిత ఏ ఇంటివాడో చెప్పే చిరునామా. ఆ ఇంటిలో ఎవరు ఏ గ్రంథం రాశారో చెప్పవలసింది వ్యక్తినామం. తెలుగులో ఇంటిపేరుతో పిలవడం గౌరవసూచకం కాబట్టి ఆ అలవాటు సంభాషణలో, ప్రసంగంలో కొనసాగుతుంది, కొనసాగవచ్చు కూడా. పరిశోధన గ్రంథంలో గౌరవం కంటే నిర్దిష్టత ముందు రావాలి. మూడు మహాగ్రంథాలను పద్యాల్లోకి తెచ్చిన కవికీ, గోదావరి జిల్లాల ఇళ్ళలోని మాటలను కథల్లో పదిలపరచిన రచయితకూ వారి వారి పుస్తకాలు వారికే దక్కాలి. అందుకు పరిశోధకుడు అదనంగా రాయవలసింది నడిమి పేరొక్కటే.