ఇంటి మాటతో బడి చదువు



కోలారు, చిక్కబళ్ళాపురం, పావగడ, బళ్ళారి ప్రాంతాల్లో మన ఇళ్ళలో మాట తెలుగు. చాలామంది పిల్లలకు బడిలో పాఠం కన్నడం. హోసూరు వైపు అయితే తమిళం, బరంపురం వైపు అయితే ఒడియా. ఇలాంటి ఇళ్ళలోని తల్లిదండ్రులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలు చదువులో వెనకబడతారా?" అని.

జవాబు చెప్పేముందు నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో తరగతి పాప ఒకతె కన్నడంలో తడబడుతుంటే వాళ్ళమ్మను పిలిపించి, "ఇంట్లో తెలుగు మానేసి కన్నడమే మాట్లాడండమ్మా" అన్నాను. ఆమెకు వచ్చిన కన్నడం సంతలో బేరానికి సరిపోయేంతే. నెల తిరిగేసరికి పాప అవ్వ బడికి వచ్చింది. "టీచరమ్మా, మీరు చెప్పినట్టే చేస్తున్నాం. ఇప్పుడు పిల్ల నాతో మాట్లాడదు, రాత్రిపూట కథ కూడా అడగదు" అంది. పాపకు కన్నడం రాలేదు. ఇంట్లో ఉన్న మాట కాస్తా పోయింది.

పిల్లలకు ముందు విషయం అర్థం కావాలి. అర్థమైనదానికి రెండో భాషలో పేరు నేర్చుకోవడం తేలిక. అందుకే మన రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలంటోంది. మన ఊరి బడిలో ఆ వసతి లేకపోవచ్చు. ఇంట్లో మాత్రం మనల్ని ఆపేవారెవరు?

ఇప్పుడు కొన్ని ఆటలు చెబుతాను. వీటన్నిటికీ నియమం ఒక్కటే. ఆట తెలుగులో ఆడండి. అయిపోయాక, "దీన్ని మీ బడిలో ఏమంటారు?" అని పిల్లల్నే అడగండి. వాళ్ళు చెబుతారు, మీరు నేర్చుకోండి. నేర్పేవాళ్ళం తామేనంటే పిల్లలకు ఎంత ఉత్సాహమో మీరే చూస్తారు.

మొదట లెక్కలు. వామనగుంటలు మనకు తెలిసిన ఆటే. కన్నడంలో అళగుళి మణె అంటారు. 14 గుంటలు, గుంటకు 5 చింతగింజలు. ఆట మొదలుపెట్టేముందు "మొత్తం ఎన్ని గింజలు కావాలి?" అని అడగండి. 14 అయిదులు 70 అని పిల్లలు ఒక్కొక్కటే లెక్కపెట్టి తెలుసుకోనివ్వండి. గింజలు పంచేముందు "ఇవి ఏ గుంట దగ్గర అయిపోతాయి?" అని అడగండి. చివరకు "నీకు 38 వస్తే నాకెన్ని?" అనండి. గుణకారం, తీసివేత రెండూ వచ్చేశాయి. బడిలో గుణాకార అనగానే ఆ గుంటలే వాళ్ళకు గుర్తొస్తాయి.

అష్టాచెమ్మా మరో మంచి ఆట. దీన్నే కన్నడంలో చౌకాబార అంటారు. నాలుగు చింతగింజలను ఒక పక్క తెల్లబడేదాకా బండమీద అరగదీయండి. నలభైసార్లు వేసి, ఎన్ని తెల్లగా పడ్డాయో ప్రతిసారీ గోడమీద సుద్దతో గీత పెట్టించండి. నాలుగు గింజలు పడే తీరులు మొత్తం 16. అందులో రెండు తెల్లగా పడేవి 6, నాలుగూ తెల్లగా పడేది 1, నాలుగూ నల్లగా పడేది 1. చెమ్మాకూ, అష్టాకూ మరో ఆట ఎందుకిస్తారో పిల్లలే చెప్పేస్తారు. చంటిపిల్లలుంటే గింజలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

ఇక విజ్ఞానం. వాకిట్లో ఒక పుల్లను నిటారుగా పాతి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దాని నీడను కొలిపించండి. నీడను బడిలో నెరళు అంటారు. నీడ పొద్దున పడమరకు, సాయంత్రం తూర్పుకు ఎందుకు పడుతుందో పిల్లలే ఆలోచిస్తారు. కోలారు దగ్గర ఏప్రిల్ చివరి వారంలో ఒకరోజు, ఆగస్టు మూడో వారంలో ఒకరోజు, పగలు పన్నెండుంపావు ప్రాంతంలో పుల్లకు నీడే ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. బళ్ళారిలో అది మే మొదటి వారంలోనూ, ఆగస్టు రెండో వారంలోనూ వస్తుంది. ఆ రోజు కోసం పిల్లలతో కలిసి కాచుకోండి.

భాషకు 'ప–హ' ఆట ఆడించండి. మీరు పాలు అంటే పిల్లలు హాలు అనాలి. పులి – హులి, పాము – హావు, పంది – హంది, పల్లె – హళ్ళి. పాత కన్నడంలో ఈ మాటలన్నీ పకారంతోనే ఉండేవి. తర్వాత హకారమయ్యాయి. పిల్లి దగ్గర మాత్రం ఆట తప్పుతుంది, కన్నడంలో అది బెక్కు. తప్పిన చోట పిల్లలు బాగా నవ్వుతారు, ఆ మాట మరిచిపోరు. వంటింటి డబ్బాలమీద రెండు లిపుల్లో పేర్లు రాయించండి. బెల్లం – బెల్ల, మెంతులు – మెంత్య. ఉప్పు రెండింటా ఉప్పే. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి కనుక చాలా అక్షరాలను చూడగానే గుర్తుపడతారు. తమిళంలో క, గ రెండింటికీ అక్షరం ఒకటే. కనుక హోసూరు పిల్లలకు కాలు, గాలి వంటి మాటలు చెప్పి, ఏది క, ఏది గ అని విడదీయించండి.

సమాజ పాఠానికి అవ్వాతాతలే పుస్తకం. "నీ చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చేవాళ్ళు?" అని పిల్లలచేత అడిగించి, ఊరి చెరువు, బావి, బడి చూపే పటం గీయించండి. బళ్ళారి తాతలకైతే ఇంకా పెద్ద కథ ఉంది. 1953 అక్టోబరు 1న ఆ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వచ్చింది. కైవారం తాతయ్యగారు తెలుగులోనూ, కన్నడంలోనూ కీర్తనలు రాశారని కూడా పిల్లలకు చెప్పండి. రెండు భాషలు మన ప్రాంతానికి కొత్త కాదని తెలుస్తుంది.

పనినుంచి అలసి వచ్చాక ఇవన్నీ ఎక్కడ కుదురుతాయంటారా? రోజుకు ఒక ఆట, పావుగంట చాలు. పరీక్షలా అడగకండి. తప్పు చెబితే కసురుకోకండి.

మళ్ళీ ఆ పాప సంగతి. నేను ఆ అవ్వకు క్షమాపణ చెప్పి, "రాత్రిళ్ళు కథ తెలుగులోనే చెప్పమ్మా, పొద్దున పాప మాకు కన్నడంలో చెబుతుంది" అన్నాను. మొదట నాలుగు మాటలు కన్నడం, ఆరు మాటలు తెలుగు. తెలియని మాటను తరగతి పిల్లలు అందించేవారు. ఏడాది చివరికి ఆ పాప కథ కోసం తరగతి అంతా ఎదురుచూసేది. కథ మాత్రం అవ్వదే.