పైథాన్ పుట్టుక, ఎదుగుదల

నంద్యాల, ఆళ్లగడ్డల్లో మన పిల్లలు నేర్చుకుంటున్న పైథాన్ గురించి దాతలకు నాలుగు మాటలు చెప్పదలిచాం. 1989 డిసెంబరు సెలవుల్లో నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ ఈ కంప్యూటర్ భాషను రాయడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన, కొత్తవారికి సులువుగా ఉండాలని రూపొందించిన ‘ఏబీసీ’ భాషపై పనిచేశారు. ఆ సరళతే దీనికీ అబ్బింది. పేరు మాత్రం పాముది కాదు, ‘మాంటీ పైథాన్’ అనే బ్రిటిష్ హాస్య కార్యక్రమానిది.

1991లో దీన్ని అందరికీ విడుదల చేశారు. దేశదేశాల ప్రోగ్రామర్లు మెరుగులు దిద్దారు. 2008లో మొదలైన మూడో వెర్షనే, మార్పులు చేర్పులతో, నేటికీ నడుస్తోంది. దీనికి రుసుము లేదు, ఎవరైనా వాడుకోవచ్చు.

భాష ఉచితమే, కంప్యూటరు, నేర్పే గురువు ఉచితంగా దొరకరు. పేద విద్యార్థికి ఆ లోటు తీర్చేది మీ చేయూతే.