ఆత్మమోహితుడైన అధికారి - ఉద్యోగి ఇల్లు

గ్రీకు పురాణగాథలో నార్సిసస్ అనే యువకుడు కొలనులో కనిపించిన తన ప్రతిబింబాన్నే మోహించి, దానిని విడిచిపోలేక కృశించి మరణించాడు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు ‘నార్సిసిజం’ అని పేర్కొనే ఆత్మమోహానికి ఆ పేరే మూలం. ఈ గుణం కార్యాలయాధిపతిలో ఉన్నపుడు అతనికి కొలనుతో పనిలేదు. క్రింది ఉద్యోగులే అతనికి అద్దాలు కావలసివస్తుంది.

కలకత్తా జీవితం ఆధారంగా సత్యజిత్ రాయ్ 1963లో రూపొందించిన ‘మహానగర్’ చిత్రంలో ఇటువంటి ఛాయలు గల యజమాని ఒకడు కలడు. సంసారం గడవక ఆరతి ఇంటింటికీ తిరిగి అల్లిక యంత్రాలు అమ్మే ఉద్యోగంలో చేరుతుంది. యజమాని ముఖర్జీ ఆమెను ఎంతో ఆదరిస్తాడు. బ్యాంకు మూతపడి ఉద్యోగం పోయిన ఆమె భర్తకు సహాయం చేస్తానని కూడా అంటాడు. కాని జబ్బుపడి పనికి రాలేకపోయిన ఆంగ్లో ఇండియన్ ఉద్యోగిని ఈడిత్‌ను మాత్రం, నడవడిని శంకించి తొలగిస్తాడు. ఆమెకు క్షమాపణ చెప్పుమని ఆరతి కోరగా నిరాకరిస్తాడు. ముఖర్జీ స్వభావతః దుష్టుడు కాడు. తన అంచనా పొరపాటు కావచ్చుననే ఊహను సహింపలేడు, అంతే. ఒక ఉద్యోగిని జ్వరమూ, మరొకరి భర్త నిరుద్యోగమూ అతని ఇష్టాయిష్టాలకు లోబడినపుడు ఆఫీసు ఎక్కడ ముగిసి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఇంటిల్లిపాదీ తన జీతం మీదనే ఆధారపడి ఉన్నవేళ ఆరతి రాజీనామా ఇచ్చి వస్తుంది.

పశ్చిమ బెంగాల్ దుకాణాలు, సంస్థల చట్టం కూడా 1963వ సంవత్సరానిదే. పనిగంటలకు, వారపు సెలవుకు అది హద్దులు ఏర్పరచింది. అయితే ఆత్మమోహం వలన కలిగే నష్టం గంటల లెక్కకు అందదు. ఉద్యోగి సాయంత్రం ఆరు గంటలకే ఇల్లు చేరవచ్చును. రేపు ఆయన ప్రసన్నంగా ఉంటాడో, మండిపడతాడో అన్న చింత భోజనం వద్ద కూడా వదలదు. పిల్లల ప్రశ్నకు పరధ్యానంగా సమాధానం వస్తుంది. సెలవు అడిగితే అవిధేయత అనుకుంటారేమోనని జబ్బును దాచుకునేవారూ ఉంటారు. ఇటువంటి నాయకులలో దూరదృష్టి, ఆకర్షణ ఉంటాయనీ, విమర్శను మాత్రం సహింపజాలరనీ అమెరికన్ మానసిక విశ్లేషకుడు మైకేల్ మాకబీ 2000లో ఒక వ్యాసంలో వివరించాడు. ఆ ఆకర్షణ వల్లనే కాబోలు, ఉద్యోగులు చాలాకాలం తప్పు తమదేననుకుంటారు.

2023 జూన్‌లో కోల్‌కతాలోని ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి, లక్ష్యాలు నెరవేరలేదని వీడియో సమావేశంలో క్రింది ఉద్యోగులపై కేకలు వేసిన దృశ్యం దేశమంతటా ప్రచారమైంది. బ్యాంకు ఆయనను సస్పెండు చేసి విచారణ ప్రారంభించింది. ఒక్క దృశ్యాన్నిబట్టి ఎవరి స్వభావాన్నీ నిర్ణయించడం న్యాయం కాదు. కాని ఆ సమావేశం ముగిశాక ఆ ఉద్యోగులు ఏ మనస్సుతో ఇల్లు చేరి ఉంటారో ఊహించవచ్చును. ఆ దృశ్యం బయటకు రాకపోయి ఉంటే విచారణ జరిగేదా అన్నది సందేహమే.