పాట గుర్తున్నది, పేరు మరుగైనది

బాన్సువాడవంటి ఊళ్లలో 1980ల నాడు సినిమా పాట ఎక్కువగా రేడియో మూలముననే ఇల్లు చేరేది. ఆనాటి శ్రోతలను కదిలించి చూడండి: ‘నాలుగు స్తంభాలాట’ అనగానే ముఖం వికసిస్తుంది, పల్లవి పెదవులపైకి వస్తుంది. 1982లో వచ్చిన ఆ చిత్రానికి దర్శకుడు జంధ్యాల, పాటల కవి వేటూరి, గాయకుడు బాలసుబ్రహ్మణ్యం అని వెంటనే చెప్పగలరు. మరి స్వరం కట్టినదెవరు? అక్కడనే చాలామంది తడబడతారు.

వారు మైసూరు సోదరులు రాజన్‌, నాగేంద్ర. కన్నడసీమలో ఖ్యాతి గడించి, ‘పూజ’, ‘పంతులమ్మ’ చిత్రాలతో తెలుగువారికీ ఆత్మీయులైనారు. వాద్యాల హోరుకంటె రాగపు నడకకే పెద్దపీట వేసిన జంట అది. నాగేంద్ర 2000లోను, రాజన్‌ 2020లోను కన్నుమూశారు.

పద్యం నేర్పునపుడు కవి పేరు చెప్పుట మన బడుల ఆచారం. పాటకు స్వరకర్త విషయంలో ఆ మర్యాద ఏల దక్కరాదు?