క్రొత్త నిబంధనలో యాజకుడెవరు?



మన కోనసీమ పల్లెల్లో ఒక మాట తరచు వినబడుతుంది: "అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తేనే మనసు కుదుటపడుతుంది." ఇంటికి శంకుస్థాపన అయినా, బిడ్డకు జ్వరము వచ్చినా, అబ్బాయి గల్ఫ్‌కు బయలుదేరినా పాస్టరుగారికి కబురు వెళ్లవలసినదే. దైవసేవకుని మీద ఆ ప్రేమ మంచిదే, నేను కాదనను. అయితే ఆ ప్రేమ వెనుక ఒక్కొక్కసారి వేరొక తలంపు దాగియుంటుంది. మా ప్రార్థన కంటె ఆయన ప్రార్థన దేవునికి దగ్గర, మా చేతిలో లేనిదేదో ఆయన చేతిలో ఉన్నది అనే తలంపు. అది క్రొత్త నిబంధనది కాదు, పాత నిబంధనది.

పాత నిబంధనలో అది న్యాయమే. ఉజ్జియా రాజు ధూపము వేయుటకు మందిరములోనికి వెళ్లినప్పుడు అజర్యాతోపాటు ఎనుబదిమంది యాజకులు ఆయనను ఎదిరించారు (2 దినవృత్తాంతములు 26). సింహాసనము ఎక్కినవాడైనా సరే, అహరోను సంతతివాడు కాకపోతే ధూపార్తి పట్టరాదు. రాజు నుదుట కుష్ఠముతో బయటికి వచ్చాడు. అతిపరిశుద్ధ స్థలములోనికైతే ప్రధాన యాజకుడొక్కడే, అదీ సంవత్సరమునకు ఒక్క దినమే, ఏడవ నెల పదియవ దినమున వెళ్లవలెను. మిగిలిన జనులందరూ బయటనే నిలిచి కనిపెట్టవలెను.

నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారపు సామగ్రి జాబితా ఒకసారి నిదానముగా చదవండి. బల్ల ఉన్నది, దీపస్తంభము ఉన్నది, ధూపవేదిక ఉన్నది, గంగాళము ఉన్నది. యాజకుడు కూర్చుండుటకు పీట మాత్రము లేదు! పని ఎన్నటికీ ముగియదు గనుక ఆయన దినదినము నిలువబడే ఉండవలెను. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయములో గ్రంథకర్త ఎత్తి చూపుచున్నది ఇదే. క్రీస్తు ఒక్కటే బలి అర్పించి కూర్చున్నాడు. పని ముగిసినవాడే కదా కూర్చుండేది.

మరి యేసుప్రభువు పుట్టినది యూదా గోత్రములో, లేవి గోత్రములో కాదు. ధర్మశాస్త్రము ప్రకారము ఆయన యాజకుడు కానేరడు. అందుకే గ్రంథకర్త మెల్కీసెదెకు క్రమమును ముందుకు తెచ్చి, యాజకత్వము మారితే ధర్మశాస్త్రము కూడ మారక తప్పదని వాదించుచున్నాడు (హెబ్రీ 7:12). కౌలు సంగతి తెలిసిన మన రైతులకు ఇది కష్టము కాదు. కొబ్బరితోటకు కొత్త కౌలు కాగితము రాసుకున్నాక పాత కాగితము పట్టుకొని దింపులకు వెళ్లేవాడుంటాడా? ఆ కొత్త కాగితములో ఏమున్నదో యిర్మీయా ముందే చెప్పియున్నాడు (31:31-34): దేవుడు తన విధులను జనుల హృదయములమీద వ్రాయును, అల్పులు మొదలు ఘనుల వరకు అందరూ ఆయనను ఎరుగుదురు. కొందరు ఎరిగి, మిగిలినవారికి వారు మధ్యవర్తులు కావలెనని అందులో లేదు.

క్రొత్త నిబంధన గ్రంథములో "యాజకుడు" అను మాట ఎక్కడెక్కడ ఉన్నదో వెదకి చూడండి. దేవాలయపు యాజకులకు ఉన్నది, క్రీస్తుకు ఉన్నది, లుస్త్రలో ద్యుపతి పూజారికి సహితము గ్రీకులో అదే మాట. పేతురు మొదటి పత్రికలోను ప్రకటన గ్రంథములోను విశ్వాసులందరికీ ఉన్నది. సంఘములోని ఒక ఉద్యోగికి బిరుదుగా మాత్రము ఎక్కడా లేదు. పౌలు తన సువార్త పనిని యాజక ధర్మముతో పోల్చుకొన్న మాట నిజమే (రోమా 15:16). అక్కడ కూడ ఆయన పనినే పోల్చుచున్నాడు, తనకొక పదవి ఉన్నదని చెప్పుట లేదు. మనకున్న పేర్లు కాపరి, పెద్ద, పరిచారకుడు.

1520లో మార్టిన్ లూథర్ ఈ సత్యమును జర్మనీలో గట్టిగా పలికాడు. అయితే మనకు దగ్గరి సంగతి ఒకటున్నది. ఇంగ్లండులోని ఎక్సెటరులో ఆంథోని నోరిస్ గ్రోవ్స్ అనే దంతవైద్యుడుండేవాడు. ఆయన మిషనెరీగా వెళ్లగోరి చర్చి మిషనెరీ సొసైటీవారిని అడిగితే, గురుపట్టా లేనివాడు ప్రభురాత్రి భోజనము ఇయ్యరాదని జవాబు వచ్చినది. ఆ జవాబు ఆయనను లేఖనముల దగ్గరకు నడిపించినది. రొట్టె విరుచుటకు పట్టా కావలెనని వాటిలో ఆయనకు కనబడలేదు. ఆ గ్రోవ్స్ వెంట 1836లో మన దేశమునకు వచ్చినవారే విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు. వశిష్ఠకు అవతలి ఒడ్డున, మన సఖినేటిపల్లి రేవుకు ఎదురుగా ఉన్న నరసాపురము నుండే గోదావరి డెల్టా మిషన్ పని సాగినది. బ్రదరెన్ సంఘములలో నేటికీ పట్టా లేని సహోదరులు బల్ల దగ్గర నిలిచి కృతజ్ఞతలు చెల్లించుట మీరు చూచియే ఉంటారు.

ఈ బోధ ఎవరి చెవిని పడినదో ఆలోచించండి. ఈ డెల్టాలో సువార్త అంగీకరించినవారిలో అనేకులు గుడి గడప తొక్కనియ్యని కులములవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో దేవాలయ ప్రవేశ చట్టము వచ్చినది 1947లో. అంతకు ఎన్నో సంవత్సరముల ముందే మన తాతముత్తాతలు, మీరే యాజకులు, తెర చినిగినది, లోపలికి రండి అని విన్నారు. ఆ తాతల మనుమలము మరల తెర కుట్టుకొని దాని బయట నిలబడుట నాకు బాధ కలిగించుచున్నది. ఈమధ్య ఒక్కొక్క ప్రార్థనకు ఇంత అని, నూనె సీసాకు ఇంత అని కానుక అడిగేవారు బయలుదేరారు. తెర కుట్టినచోట కాపలావాడు, కాపలావాడు ఉన్నచోట సుంకము ఉండనే ఉంటాయి.

"యాకోబు 5:14లో రోగి సంఘపు పెద్దలను పిలువనంపవలెనని ఉన్నది కదా, అయ్యగారూ?" అని ఒక తల్లి నన్ను అడిగినది. మంచి ప్రశ్న. పిలువండి, తప్పక వస్తాము. అయితే ఒక్క వచనము దాటి 16కు వెళ్లండి. ఒకరికొరకు ఒకరు ప్రార్థించుకొనవలెనని అక్కడ అందరికీ ఆజ్ఞ ఉన్నది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి చెట్లు కూలి దారులన్నీ మూసుకొనిపోతే ఏ లంకకు ఏ పాస్టరు వెళ్లగలిగాడు? ఆ రాత్రి ఇండ్లలో ప్రార్థించినవారు అవ్వలు, తల్లులు, బడిపిల్లలు. వారిది తక్కువ ప్రార్థన అని ఎవరనగలరు?

మరి కాపరి ఎందుకు? ఎఫెసీ 4:12 చూడండి. పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధపరచుటకు. వారి బదులు పరిచర్య అంతా తానే చేసిపెట్టుటకు కాదు. కాబట్టి నేను ఇండ్లకు వెళ్లినప్పుడు, ముందు ఇంటివారిలో ఒకరిని ప్రార్థించమంటాను. చాలామందికి గొంతు వణుకుతుంది. "మాకు మాటలు రావండి" అంటారు. రెండు మాటలు చాలునంటాను. మూడవసారి వెళ్లేసరికి ఆ యింటి కోడలే మొదలుపెట్టి ఉంటుంది.

ఈ యాజకులు అర్పించవలసిన బలులు హెబ్రీ 13:15, 16లో ఉన్నాయి. ఒకటి స్తుతి, రెండవది ఉపకారము, ఉన్నదానిని పంచుకొనుట. మన తల్లులు అన్నము వండే ముందు ఎసట్లో పోసే బియ్యములో నుండి పిడికెడు తీసి ప్రక్క డబ్బాలో వేస్తారు, ఆదివారము మందిరమునకు తెస్తారు. ఈ పిడికెడు తీసేటప్పుడు వీధిలో ఎవరు ఆకలిగా ఉన్నారో పేరు పెట్టి ప్రార్థించమని మా సంఘములో స్త్రీలకు చెప్పాను. పోయిన నెల ఒక డబ్బా నాకు అందలేదు. విచారిస్తే, ప్రార్థించిన పేరుగల ఇంటికే నేరుగా పోయినదట.