కుర్దులు: ‘మీరూ మావాళ్లే’ అనే మాట వెనక

ఒక జాతిని లేకుండా చెయ్యాలంటే చంపడం ఒక్కటే దారి కాదు. ‘మీరు వేరే ఎవరో కాదు, మావాళ్లే’ అని చట్టంలో రాసుకున్నా చాలు. టర్కీలో కుర్దుల విషయంలో రెండూ జరిగాయి. గుర్తింపు గురించి, వాటా గురించి మాట్లాడే మనం ఈ చరిత్ర తెలుసుకోవాలని మేం అనుకుంటున్నాం.

కుర్దులు టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియాల మధ్య చీలిపోయిన జాతి. వాళ్ల సంఖ్య 2.5 కోట్ల నుంచి 3.5 కోట్ల దాకా ఉంటుందని అంచనాలు. అంచనాలతోనే ఎందుకు సరిపెట్టుకోవాలి? 1965 తర్వాత టర్కీ జనగణనలో మాతృభాష లెక్కలు బయటపెట్టలేదు. సిరియాలోనేమో 1962లో హసకా ప్రాంతంలో ఒక్కరోజు జనగణన జరిపి దాదాపు లక్షా 20 వేల మంది కుర్దుల పౌరసత్వం ఊడబీకారు. లెక్కపెట్టకపోవడమూ రాజకీయమే, లెక్కపెట్టడమూ రాజకీయమే.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920 నాటి సెవ్ర్ ఒప్పందం కుర్దులకు స్వయంపాలన ఇస్తామంది, స్వతంత్ర రాజ్యానికి కూడా దారి ఉంచింది. అది కాగితం మీదే మిగిలింది. ముస్తఫా కెమాల్ నాయకత్వాన టర్కీ యుద్ధం గెలిచాక, 1923లో లొజాన్‌లో కొత్త ఒప్పందం రాసుకున్నారు. అందులో కుర్దుల పేరే లేదు. మైనారిటీ హోదా ముస్లిమేతరులకే దక్కింది. కుర్దుల్లో ఎక్కువమంది ముస్లింలు కాబట్టి వాళ్లు సోదరుల కింద జమ అయ్యారు. సోదరుడికి మళ్లీ వేరే హక్కులెందుకు?

కుర్దుల సమస్య, కుల సమస్య ఒకటే అని మేం అనడం లేదు. అక్కడిది ప్రధానంగా భాషా, నేలా, జాతీయతా ప్రశ్న. అయినా ఈ కొలబద్ద మనకు కొత్తదేం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. అక్కడ మతం ఒకటే కాబట్టి హక్కు లేదన్నారు. ఇక్కడ మతం మారింది కాబట్టి హక్కు లేదంటున్నారు.

ఆ సోదరత్వం ఎట్లా నడిచిందో చూడండి. 1924లో కుర్దిష్ బడులు మూతపడ్డాయి. 1925లో షేక్ సయీద్ తిరుగుబాటును అణచి ఆయన్ని ఉరితీశారు. 1937–38లో దెర్సిమ్‌లో వేలమందిని చంపారు. ఊళ్ల పేర్లు మార్చారు. కుర్దులకు ‘కొండ టర్కులు’ అని పేరు పెట్టారు. 1983లో కుర్దిష్‌ను నిషేధిస్తూ చట్టమే తెచ్చి 1991 దాకా ఉంచారు. నెవ్రోజ్ పండుగ పేరును కుర్దులు డబ్ల్యూతో రాస్తారు. ఆ అక్షరం టర్కీ వర్ణమాలలో లేదు. ఒక్క అక్షరం మీద కేసులు నడిచాయి. ఆ శిక్ష 2014లో గానీ పోలేదు.

అయితే కుర్దు కుటుంబాల్లో పుట్టినవాళ్లు టర్కీలో ఎంపీలు కాలేదా, మంత్రులు కాలేదా అని అడుగుతారు. అయ్యారు. కుర్దులమని చెప్పుకోనంత కాలం అడ్డు లేదు. 1991లో ఎంపీగా గెలిచిన లేలా జానా టర్కిష్‌లోనే ప్రమాణం చేసి, చివర రెండు జాతుల సోదరత్వం గురించి ఒక్క వాక్యం కుర్దిష్‌లో అన్నది. సభ అట్టుడికిపోయింది. 1994లో సాయుధ సంస్థ సభ్యురాలన్న నేరం మోపి 15 ఏళ్ల శిక్ష వేశారు. 2004లో బయటికొచ్చింది. కుర్దుల పక్షాన నిలిచిన పార్టీలను 1993, 1994, 2003, 2009లలో వరసగా నిషేధించారు. 10 శాతం ఓట్లు రాని పార్టీకి సీట్లు లేవనే నిబంధన ఉన్నా, 2015 జూన్‌లో హెచ్‌డీపీ 13 శాతం దాటి 80 సీట్లు గెలిచింది. మరుసటి ఏడాదే దాని నాయకులు జైల్లో ఉన్నారు. జనం ఎన్నుకున్న మేయర్లను తీసేసి ప్రభుత్వం తన మనుషుల్ని కూర్చోబెట్టింది.

1984లో పీకేకే మొదలుపెట్టిన సాయుధ పోరులో సుమారు 40 వేల మంది చనిపోయారు. 2025 మేలో ఆ సంస్థ తనను తాను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది. తుపాకీ దించడం మంచిదే. కానీ తుపాకీ పుట్టకముందే ప్రశ్న ఉంది. పౌరులందరూ టర్కులే అనే 66వ అధికరణం, టర్కిష్ తప్ప మరో భాషను మాతృభాషగా బోధించరాదనే 42వ అధికరణం 1982 రాజ్యాంగంలో ఉన్నాయి. 2012 నుంచి బడిలో కుర్దిష్‌ను ఐచ్ఛిక పాఠంగా తీసుకోవచ్చు. తన ఇంటి భాషను ఐచ్ఛికంగా చదువుకోమనడం అనుమతి అవుతుంది గానీ హక్కు కాదు. ఇచ్చినవాడు రేపు వెనక్కి తీసుకోగలిగేది అనుమతి.

ఇరాక్ 2005 రాజ్యాంగం కుర్దిష్‌ను అరబిక్‌తో పాటు అధికార భాష చేసింది, కుర్దిస్తాన్ ప్రాంతాన్ని గుర్తించింది. దానికి ముందు 1988లో హలబ్జాలో విషవాయువుతో దాదాపు 5 వేల మంది చచ్చిపోవాల్సొచ్చింది. అంత మూల్యం చెల్లించకుండా గుర్తింపు ఎట్లా సాధించాలన్నది కుర్దుల ముందున్న ప్రశ్న. ‘మీరూ మావాళ్లే’ అని ఎవరైనా అన్నప్పుడు, అయితే మా పేరు ఎక్కడ రాశారో చూపించమని అడగడంతోనే అది మొదలవుతుంది.